మునగని ముక్కు

నన్ను బాప్తిస్మానికి మూడుసార్లు నీళ్లలో వెనక్కి వాల్చారు. మొదటిసారి నా ముక్కు మునగలేదు. రెండోసారి నేను పైనే ఉన్నాను, ముంచే ఆయన మునిగారు. ఇలాంటి చరిత్ర ఉన్నవాడు మా చుట్టుపక్కల ఇంకొకడు ఉన్నాడేమోనని వాకబు చేశాను. లేడట.

మా సంఘంలో నెత్తిమీద నాలుగు చుక్కలు చల్లితే చెల్లదు. నమ్మినవాడు ఊహ తెలిశాక తనంతట తాను ఒప్పుకుని, తెల్లబట్టలు వేసుకుని, పారే నీళ్లలో నిలబడాలి. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒక చెయ్యి మెడ వెనక పెట్టి, ఇంకో చేత్తో మనం జోడించిన చేతులు పట్టుకుని వెనక్కి వాలుస్తారు. మనిషి మొత్తం నీళ్ల కిందికి పోయి పైకి రావాలి. పాత మనిషిని పాతిపెట్టి కొత్త మనిషిని లేపినట్టు. ముక్కు ఒక్కదాన్ని పాతిపెట్టకుండా వదిలేయడం అనే పద్ధతి లేదు.

మా మందిరం ఏన్కూరు దాటి కొత్తగూడెం వైపు పోతుంటే అడవి మొదలయ్యే చోట ఉంటుంది. రేకుల కప్పు, మూడు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరుగుతుంది. వెనకే వాగు. మేముండేది మాత్రం బొగ్గుగనుల ఊళ్లో, కార్మికుల క్వార్టర్లలో. ప్రతి ఆదివారం అమ్మ, నాన్న, నేను రెండు బండ్ల మీద అంత దూరం వస్తాం. మా ఊళ్లో చర్చిలు లేక కాదు. అయ్యగారు లేనిచోట మా నాన్నకు ప్రార్థన ఎక్కదు. వాళ్లిద్దరూ ఒకప్పుడు ఒకే గనిలో ఒకే షిఫ్టు చేసినవాళ్లు.

అప్పట్లో అయ్యగారు అయ్యగారు కాదు. గని లోపల కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. రిటైరయ్యాక తోటివాళ్లందరూ ఖమ్మంలో ఇళ్లు కట్టుకుంటే ఆయన ఇక్కడికి వచ్చి రేకుల షెడ్డు వేసి వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఊపిరితిత్తుల్లో కొంత బొగ్గు ఇంకా ఉంది. బరువు నలభై ఆరు కిలోలు. నాకెలా తెలుసంటే, ఒకసారి నేను పనిచేసే జిమ్‌కి వస్తే నేనే తూకం మిషను ఎక్కించాను. ఆయన అంకె చూసి, దిగి, "గింతేనా? ఆత్మ దీన్ల రాదా?" అన్నారు.

నేను ట్రైనర్ని. అప్పట్లో నా బరువు తొంభై నాలుగు. నా ఉద్యోగమంతా రెండు మాటలు: "కడుపు బిగబట్టు." బరువెత్తే ప్రతివాడి పక్కనా నిలబడి ఇదే అంటాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే మాట అంటూ ఉంటే అది మెల్లగా మనిషి స్వభావం అయిపోతుందని నాకు వాగులో దిగేదాకా తెలియలేదు.

ఇరవై ఏడేళ్లు వచ్చినా నేను బాప్తిస్మం తీసుకోలేదు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్లెం వరుస వెంట వస్తుంది. బాప్తిస్మం పొందనివాళ్లు తీసుకోకూడదు. అది నాన్న ముందు ఆగేది, నా ముందు నుంచి మాత్రం చిన్న స్టాపులో ఆగని ఎక్స్‌ప్రెస్ బస్సులా వెళ్లిపోయేది. నాలాగా ఖాళీ చేతులతో కూర్చునేవాళ్లంతా ఐదో తరగతి లోపువాళ్లే.

"నీ ఈడోళ్లంత బల్ల తీసుకుంటుంటె నువ్వు పోరగాళ్లల్ల కూసుంటవ్. సిగ్గనిపియ్యదారా?" అనేది అమ్మ.

"నేను వాళ్లల్ల కూసుంటలేనమ్మా, వాళ్లే నా పక్కకొచ్చి కూసుంటున్నరు."

ఆలస్యానికి ఒక కారణం ఉంది. మా దగ్గర బాప్తిస్మానికి ముందు సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు మన జీవితంలో ఏం చేశాడో సంఘం ముందు నిలబడి చెప్పాలి. ఒకాయన్ని లారీ గుద్దింది, బతికాడు. ఒకామెకు డాక్టర్లు చేతులెత్తేశారు, దేవుడు ఎత్తలేదు. నాకు చిన్నప్పుడు జ్వరం వచ్చి గోలీతో తగ్గింది. దాన్ని ఎంత సాగదీసినా ఒక నిమిషం దాటదు.

చివరికి నన్ను కదిలించింది లారీ కాదు, మా ఇంటి గుమ్మం. నాన్న షిఫ్టుకు పోయేముందు ఆ గుమ్మం మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, నాతోటి కాదు, నీతోటే అయితది" అంటాడు. అంతే. చెప్పులేసుకుని పోతాడు. నేను పుట్టకముందు నుంచీ అదే మాట. ఒకరోజు గనిలో ఒకచోట కప్పు కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ మరునాడు క్వార్టర్ల లైనంతా మౌనంగా ఉంది. నాన్న ఎప్పటిలాగే గుమ్మం మీద చెయ్యి పెట్టాడు. అదే మాట, అదే గొంతు. ఒక ఇంచు హెచ్చలేదు, తగ్గలేదు.

"భయమైతలేదా నాన్నా?" అన్నాను.

"ఎందుకైతలేదు? మస్తైతుంది."

"మరి?"

"మరి ఏంది? భయం నాది, బలం ఆయనది. జల్దీ డబ్బా ఇయ్యి, బస్సు పోతది."

నేను ఆరోజు జిమ్‌లో నూటయాభై కిలోలు నేలమీద నుంచి లేపాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న దగ్గర ఉన్నది నా దగ్గర లేదని నాకు స్పష్టంగా తెలిసింది. తరవాతి ఆదివారం అయ్యగారి దగ్గరికి పోయి, బాప్తిస్మం తీసుకుంటానన్నాను. ఆ గుమ్మం సంగతే సాక్ష్యంగా చెప్పాను; నాన్న ఏమంటాడో మాత్రం చెప్పలేదు, అది ఇంటి మాట. నిమిషంన్నర వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంతకు ముందు వానాకాలంలోనే అయ్యగారికి హెర్నియా ఆపరేషన్ అయింది. దవాఖానాలో డాక్టరు సగం బకెట్ కంటే ఎక్కువ బరువు ఎత్తొద్దన్నాడు. మా సంఘపెద్ద ఈ సగం బకెట్ మాటను పట్టుకున్నాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. రూలంటే రూలే. మందిరంలో కూడా మనుషుల తలలు చూసే తీరులో, టికెట్ లేనివాడు ఎక్కడో దాక్కున్నాడన్న అనుమానం ఉంటుంది.

"అయ్యగారూ, గీ పిలగాడు బకెట్ గాదు, ట్యాంకరు. బోనకల్ నుంచి చిన్న పాస్టరుగారిని పిలుద్దాం" అన్నాడు.

"నీళ్లల్ల మనిషికి బరువేడిదయ్యా?" అన్నారు అయ్యగారు. "వీళ్ల నాయిన్ని నేనే ముంచిన, వీళ్లమ్మను నేనే ముంచిన. వీన్ని గూడ ముంచుత."

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వాగులో దిగాం. నీళ్లు నడుముకు కాస్త కింద. నేను మనసులో ఒకటే అనుకున్నాను: ముసలాయన, పైగా ఆపరేషన్ అయిన మనిషి, ఆయన మీద నా బరువు ఒక్క కిలో కూడా పడకూడదు. కాళ్లు దూరంగా పెట్టాను. వేళ్లు ఇసుకలో దించాను. కడుపు బిగబట్టాను. అయ్యగారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరు చెప్పి వెనక్కి వాల్చారు. నేను సగం దాకా వాలి అక్కడ ఆగిపోయాను. వీపు మునిగింది, చెవులు మునిగాయి. మొహం మాత్రం పడవలా పైన తేలుతోంది. ఆయన నొక్కారు. పాపం కష్టపడుతున్నారని నేను ఇంకా గట్టిగా బిగబట్టాను. ఇద్దరం కాసేపు అలాగే ఉన్నాం.

"ముక్కు బయటనే ఉన్నది! చెల్లది!" ఒడ్డు మీద నుంచి సంఘపెద్ద అరిచాడు.

నన్ను నిలబెట్టి చర్చ మొదలుపెట్టారు. తొంభై పాళ్లు మునిగితే మునిగినట్టేనని కొందరు. ముక్కు మనిషిలో భాగమా కాదా అని సంఘపెద్ద. దేవుడు మొదటి మనిషికి ఊపిరి పోసింది ముక్కులోనే కదా, అదే ముఖ్యమని అమ్మ. నా సొంత తల్లి ఆయన పక్షాన చేరింది. నేను తడిబట్టల్లో వణుకుతూ నా ముక్కు గురించి తీర్మానం కోసం ఎదురుచూశాను.

అప్పుడే కల్వర్టు పక్కన ఒక వ్యాను ఆగి ఉంది. పర్ణశాల, భద్రాచలం చూసుకుని తిరిగిపోతున్న యాత్రికులు దిగి ఇడ్లీలు తింటున్నారు. అందులో ఒక పెద్దావిడ వాగు అంచు దాకా వచ్చింది.

"ఏం బాబూ, మునగలేదా?"

"లేదండీ. ముక్కు ఆగిపోయింది."

"ముక్కు మూసుకోవాలి బాబూ. మేం నిన్న గోదాట్లో తలా మూడు మునకలేశాం, ఒక్కటీ తప్పలేదు. వేళ్లతో ఇట్టా పట్టుకో, అదే మునుగుద్ది."

అనుభవం ఉన్న మనిషి మాట. రెండోసారి ఒక చేత్తో ముక్కు మూసుకున్నాను. అయ్యగారు ఈసారి పళ్లు బిగించి, ఉన్న సత్తువంతా పెట్టి నెట్టారు. నా కాలికింద ఇసుక జారింది. తూలిపోయేవాడు దొరికింది పట్టుకుంటాడు. నాకు దొరికింది అయ్యగారి భుజం. నలభై ఆరు కిలోలు. నేను నిలదొక్కుకుని చూసేసరికి నేను నిలబడే ఉన్నాను, ముక్కు మూసుకునే ఉన్నాను, అయ్యగారు ఉన్నచోట బుడగలు ఉన్నాయి.

ఎవరైనా మునగగానే పాట ఎత్తుకోవాలని ఆడవాళ్లకు ముందే చెప్పి ఉంచారు. ఎవరో ఒకరు మునిగారు కదా, వాళ్లు ఎత్తుకున్నారు. ఒడ్డున కూర్చున్న ఒక ముసలమ్మ కోయభాషలో ఏదో అంది. ఆమె చుట్టూ ఉన్నవాళ్లు నవ్విన తీరు చూశాక అర్థం కాకపోవడమే మేలనిపించింది. నేను అయ్యగారిని చంకల కింద పట్టుకుని పైకి లేపాను. ఆయన దగ్గుతున్నారు. ఆ దగ్గు ఆగలేదు.

ఇక్కడి నుంచి కాసేపు నవ్వు లేదు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయి, జ్వరం పట్టింది. ఐదు రోజులు దవాఖానాలో ఉన్నారు. నేను రోజూ జిమ్ అయ్యాక వెళ్లి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ని. నా తొంభై నాలుగు కిలోలు ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు. మూడో రోజు సంఘపెద్ద వచ్చాడు. చెడ్డవాడు కాదు. నారింజపళ్లు తెచ్చాడు. తెచ్చి, పెద్దలు చేసిన తీర్మానం చెప్పాడు.

"ఇగ నుంచి బాప్తిస్మాలు బోనకల్ పాస్టరుగారు ఇస్తరు. మీరు ఒడ్డు మీద కుర్చీ ఏసుకోని కూసోని ప్రార్థన చెయ్యుండ్రి అయ్యగారూ. మీ మంచికే."

అయ్యగారు కిటికీ వైపు తిరిగారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో మా సంఘంవాళ్లను ఎవరిని అడిగినా ఆయన చేతి మీద మునిగినవాళ్లే. పొలాల గట్లమీద, బర్లకాడ, బస్సులో, ఎక్కడ కలిసినా ఆయన వాళ్లను పేరుతో కాదు, మునిగిన తీరుతో గుర్తుపెట్టుకుంటారు. ఈమె ఏడ్చుకుంటూ మునిగింది, ఈయన చెప్పులతో దిగిండు. అలాంటి మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడుతున్నారు. కారణం నా కడుపు.

అటు నుంచే ఆయన అన్నారు: "గీ పోరన్ని ఒక్కన్ని ముంచనియ్యుండ్రి. వానలు పోయినంక, వాగు నిండినంక. వీడు మునిగితె ఎప్పటిలెక్క నేనే ముంచుత, మునగకపోతే నేనే కుర్చీ తెచ్చుకొని కూసుంట. ఎవ్వలు చెప్పక్కరలేదు."

సంఘపెద్ద నా వైపు చూశాడు. నన్ను టికెట్ లేనివాడిలాగే చూశాడు. "సరే, ఒక్కసారి" అన్నాడు.

అలా ఆయన పరిచర్య మొత్తం నా పొట్ట కండరాల మీద ఆధారపడింది. నాకు తెలిసిన దారిలో నేను సిద్ధమయ్యాను. తిండి తగ్గించి ఎనిమిది కిలోలు తగ్గాను. తొడలకు, నడుముకు వేరే వ్యాయామాలు పెట్టుకున్నాను. నా పథకం ఏమిటంటే, మెల్లగా నేనే వెనక్కి వంగుతూ నీళ్లలోకి పోతాను, నేనే లేస్తాను. అయ్యగారి చెయ్యి ఊరికే తాకి ఉంటే చాలు. చూసేవాళ్లకు ఆయనే ముంచినట్టు ఉంటుంది. మూడు నెలలు సాధన చేశాను. జిమ్‌లో వెనక్కి వంగి మెల్లగా లేస్తుంటే, ఇది ఏ కండరానికి అన్నా అని కుర్రాళ్లు అడిగేవారు. ఆత్మకు అని చెప్పేవాణ్ని.

వానాకాలం మధ్యలో ఒకరోజు అయ్యగారి ఇంటికి వెళ్లి పథకం వివరించాను. ఆయన నవారు మంచం మీద కూర్చుని వింటున్నారు. అమ్మగారు, అంటే ఆయన భార్య, గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతోంది.

"మీరు ఊకె చెయ్యి పెట్టుండ్రి అయ్యగారూ. నేనే మునిగి నేనే లేస్త."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది. "గట్లయితే ఇంట్ల డ్రమ్ముల మునుగు బిడ్డా. నా దాక ఎందుకు? దేవుని దాక ఎందుకు?"

"మీకు బరువైతదనే గదా…"

"అవ్. నువ్వు నాకు సాయం చేస్తున్నవ్. గదే వచ్చిన తిప్పలు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. గనిలో దుంగ మోసేటప్పుడు ముందు ఒకరు, వెనక ఒకరు పట్టుకుంటారట. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు వెనక పట్టాడు.

"మంచోడు. నేను బక్కోన్నని పాపమనుకున్నడు. నాకు బరువు తగ్గియ్యాలని ఎనక నుంచి దుంగను పైకి లేపుతుండె. వాడు లేపినప్పుడల్ల బరువంత జారి నా మెడ మీదికొస్తుండె. వాడు సాయం చేస్తున్ననుకుంటుండు, నేను సస్తున్ననుకుంటున్న."

"ఎవరాయన?"

"మీ నాయిన. మీ ఇంట్ల రక్తంలనే ఉన్నది గీ సాయం."

అమ్మగారు చిక్కుడుకాయల మీదికి వంగి నవ్వింది. ఆయన కొనసాగించారు. "అప్పుడు వానికి ఒక్కటే చెప్పిన. దుంగ పట్టేముందు, ప్రభువా నాతోటి కాదు, నీతోటే అయితది అను. అని ఊకుండు. ఎత్తకు, దించకు, నడువు. వాడు ఇంకా అంటుండో లేదో."

గుమ్మం మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. "అంటుండు అయ్యగారూ. రోజూ అంటుండు."

ఆయన చిన్న గొంతుతో అన్నారు: "తప్పు నీదొక్కనిదే అనుకోకు. ఆరోజు నేను గూడ పెద్దల ముందట నా బలం సూపెట్టబోయిన. ఇంక నా రెక్కల సత్తువుందని. లేకపోతె నిన్ను గట్ల నొక్కేటోన్ని కాదు. దేవునికి జాగనే ఇయ్యలే. ఒక్క వాగుల ఇద్దరు పహిల్వాన్లు దిగినట్టయింది."

ఆయన అలా ఒప్పుకోవడం నాకు ఇబ్బందిగా అనిపించింది. నా అలవాటు ప్రకారం ఏదో ఒక జోకు వెయ్యాలని చూశాను. అయ్యగారు అవకాశం ఇవ్వలేదు. లేచి మంచం ఖాళీ చేశారు. "దీని మీద ఎనక్కి పడు. చేతులు పెట్టకు. కడుపు వదులు."

మంచం అంచున కూర్చుని వెనక్కి పడబోయాను. మెడ లేచి ఉంది. మళ్లీ. కాళ్లు బిగిశాయి. ఇంకోసారి. మూడేళ్ల పిల్లలు చేసే పని నాకు రావడం లేదు. ఏడోసారి నిజంగానే వదిలేశాను. మంచం కోడు పటుక్కుమంది.

"గిప్పుడు వదిలిండు" అంది అమ్మగారు.

నవంబరులో వాగు నిండుగా, తేటగా ఉంది. ఆ రోజు బాప్తిస్మానికి ముగ్గురం. నేను, ఒక కోయ జంట. ఒడ్డు మీద సంఘం అంతా ఉంది. సంఘపెద్ద తెల్ల ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గట్టు మీద వేశాడు. దాని మీద తువ్వాలుతో దుమ్ము కూడా తుడిచాడు. పక్కన బోనకల్ పాస్టరుగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి సిద్ధంగా నిలబడ్డాడు. పాపం, ఆయన ఎవరి వైపూ చూడకుండా వాగునే చూస్తున్నాడు. నాన్న షిఫ్టు మార్చుకుని వచ్చాడు. అమ్మ ఉపవాసంతో వచ్చింది. ఈసారి నా ముక్కు కోసం ప్రత్యేకంగా.

నడుముదాకా దిగాం. నీళ్లు చల్లగా ఉన్నాయి. అయ్యగారి చెయ్యి నా మెడ వెనక్కి వచ్చింది. ఆ చెయ్యి వణుకుతోంది. అది తగలగానే నా కడుపు దానంతటదే బిగుసుకుంది. ఇన్ని నెలల పాఠం ఒక్క వణుకుకు పోయింది.

"బిగబట్టినవ్" అన్నారు ఆయన, నాకొక్కడికే వినబడేలా.

"మీ చెయ్యి వణుకుతుంది అయ్యగారూ."

"అవ్, వణుకుతది. నాకు భయమైతుంది. నీకు?"

"మస్తైతుంది."

"మంచిగయింది" అన్నారు.

ఇప్పుడు ఆయన ప్రార్థన చేయాలి. అయ్యగారి ప్రార్థన అంటే మా ఊరి బొగ్గు గూడ్సు రైలు. గేటు పడితే ఇక చివరి పెట్టె ఎప్పుడొస్తుందో తెలియదు. ఒడ్డు మీద అందరూ తలలు వంచి, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుని, సర్దుకుని నిలబడ్డారు. నేనూ సర్దుకున్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, మాతోటి కాదు. నీతోటే అయితది."

అంతే. ఇంజను వచ్చింది, వెనక పెట్టెలు లేవు. ఒడ్డు మీద ఒకళ్లిద్దరు కన్ను తెరిచి చూశారు. సంఘపెద్ద తల వంచుకునే ఉన్నాడు, మిగతాది వస్తుందని. నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేని నవ్వు. బరువు లేపేవాడి పక్కన జోకు వెయ్యకూడదని నేను జిమ్‌లో అందరికీ చెప్తాను. నవ్వు వస్తే పట్టు పోతుంది, బరువు కింద పెట్టాల్సిందే. నా పట్టు పోయింది. అదే సమయానికి ఆయన మూడు పేర్లు చెప్పి వెనక్కి వాల్చారు. వాల్చడం కూడా కాదు, చెయ్యి అడ్డం తీసి దారి ఇచ్చినట్టుంది.

నీళ్ల కింద ఏం కనిపించిందని తరవాత చాలామంది అడిగారు. ఏమీ కనిపించలేదు, కళ్లు మూసుకున్నాను. ఏమీ వినిపించలేదు. నా బరువు నాకు తెలియలేదు, అంతే చెప్పగలను. ఎనభై ఆరు కిలోలు ఎవరో తీసుకున్నారు. అయ్యగారు కాదు. ఆయనవి రెండు వేళ్లు మాత్రమే నా మెడకింద ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచి నేను మోయకుండా ఉన్న రెండు సెకన్లు అవే అయి ఉంటాయి. తరవాత గాలి, వెలుతురు, ముక్కునిండా నీళ్లు.

పాట ఎత్తుకోవాల్సిన ఆడవాళ్లు కిందటిసారి అనుభవంతో సంఘపెద్ద వైపు చూస్తున్నారు. ఆయన నన్ను చూశాడు, నిటారుగా నిలబడి ఉన్న అయ్యగారిని చూశాడు.

"ముక్కు మునిగింది" అన్నాడు. "ఏక్‌దం మునిగింది. రైట్ రైట్!"

పాట లేచింది. నాన్న తువ్వాలు తెచ్చాడు. నాకిస్తాడనుకుంటే నన్ను దాటిపోయి అయ్యగారి భుజాల చుట్టూ కప్పాడు. అయ్యగారు ముందు, నాన్న వెనక. దుంగ మోసినప్పటిలాగే.

ఇంకా ఇద్దరు మిగిలారు. ఇక అయ్యగారికి ఎవరూ అడ్డు చెప్పేది లేదు. సంఘపెద్ద స్వయంగా కుర్చీని మడవడానికి చూస్తున్నాడు. ప్లాస్టిక్ కుర్చీ మడత పడదని గుర్తొచ్చి, తీసుకుపోయి చెట్టు వెనక పెట్టబోయాడు.

"అయ్యా, గా కుర్చీ ఆడనే ఉంచు" అన్నారు అయ్యగారు.

మెల్లగా ఒడ్డు ఎక్కారు. వచ్చి కుర్చీలో కూర్చున్నారు. హాయిగా, కాళ్లు చాపుకుని, షిఫ్టు దిగిన మనిషిలా. తడిసిన చొక్కా నుంచి నీళ్లు కారుతున్నాయి. బోనకల్ పాస్టరుగారి వైపు చూసి చెయ్యి ఊపారు.

"రా తమ్ముడూ. గా ఇద్దర్ని నువ్వు ముంచు. నొక్కకు, ఊకె పట్టుకో. నేను ఈడికెళ్లి ప్రార్థన చేస్త."

"మీరే ముంచుతనంటిరి గదయ్యగారూ? ఇగ మిమ్మల్ని ఎవరు కాదంటరు?" అన్నాడు సంఘపెద్ద అయోమయంగా.

"ఎవ్వలు కాదనరనే కూసున్న."

ఆ ఇద్దరికీ ఆయన చేసిన ప్రార్థన మాత్రం పాత పద్ధతిలోనే ఉంది. పూర్తి గూడ్సు. వాళ్లు నీళ్లలో నీలుక్కుపోయారు. ఆ తరవాత ఏ బాప్తిస్మానికైనా అంతే. మొదటి మనిషిని ఆయన ముంచుతారు, ఓపిక ఉంటే రెండో మనిషిని కూడా. తరవాత కుర్చీ. కుర్చీని ఎవరూ తుడిచి ఎదురుచూడరు. ఆయనే అడుగుతారు.

జిమ్‌లో నేను ఇప్పటికీ కడుపు బిగబట్టమనే చెప్తాను. అది అక్కడ నిజమే. కానీ పొద్దున తాళం తీసేముందు షట్టర్ మీద చెయ్యి పెట్టి గుమ్మం మాట అంటాను. మొదట్లో ఎవరైనా చూస్తారేమోనని దాన్ని షట్టర్ ఎత్తడానికి చేసే సన్నాహంలా నటించేవాణ్ని. ఇప్పుడు నటించడం లేదు. కొన్ని రోజులు ఆ మాట నిజంగా అంటాను, కొన్ని రోజులు అని కూడా నా బరువు నేనే ఎత్తుకుని తిరుగుతాను. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, అప్పుడు గుర్తొస్తుంది.

డిసెంబరు మొదటి ఆదివారం బల్ల వచ్చింది. నేను అమ్మ పక్కన, పెద్దల వరుసలో. వెనక వరుసలో నా పాత నేస్తాలు ఐదో తరగతివాళ్లు నన్ను మోసగాడిలా చూస్తున్నారు. పళ్లెం పట్టుకొచ్చింది సంఘపెద్దే. నాన్న ముందు ఆగింది. అమ్మ ముందు ఆగింది. నా ముందు ఆగింది. నేను చెయ్యి చాచి రొట్టెముక్క తీసుకున్నాను. చిన్నది. నాలిక మీద పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత. ఇన్నేళ్లు దీనికోసమా అనిపించలేదు. అమ్మ ముక్కు ఎగపీల్చిన శబ్దం వినబడింది, నేను అటు చూడలేదు.

సరిగ్గా అప్పుడు నాకు తుమ్ము వచ్చింది. వాగునీళ్లకు పట్టిన జలుబు వారాలైనా వదల్లేదు. మందిరమంతా మోగేలా తుమ్మాను. పళ్లెంలోని గ్లాసులు గల్లుమన్నాయి. సంఘపెద్ద పళ్లేన్ని గుండెకు హత్తుకుని నన్ను కొరకొరా చూశాడు. నేను క్షమాపణ చెప్పబోయాను.

ఆయన మొహం మెల్లగా వదులైంది. వంగి, నా చెవి దగ్గర అన్నాడు:

"పోనియ్యి తియ్యి. మునిగిన ముక్కే గదా."